బాగైతాంది

కేతేపల్లి
12 జూన్ 2023

జాషువాకు,

మొదట నీ ఉత్తరంలో ఒక తప్పు దిద్దాలి. “తాతగారు జీవితమంతా అలుపెరుగక సేవ చేశారు, నేనూ ఆయన అడుగుజాడల్లో నడవాలని ఆశిస్తున్నాను” అని రాశావు. ఏసుపాదం అలుపెరగడని నీకెవరు చెప్పారు? సమాధి రాయి మీద చదివి ఉంటావు. అది చెక్కించేటప్పుడు నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే ఆ వాక్యం కొట్టేసేదాన్ని.

మీ తాత అలసిపోయేవాడు. ఆదివారం ఆరాధన, తర్వాత ఇళ్ళల్లో పరామర్శలు, ఆ తర్వాత యువకుల కూడిక. ఇంటికొచ్చి చెప్పులు విడవడం కూడా మరిచి మంచం మీద కూలబడేవాడు. అందుకే సోమవారం పొద్దున్నే అహ్మద్ అలీ సైకిల్ దుకాణానికి పోయేవాడు. బాగు చేయించుకోవడానికి కాదు, ఆయనకు సైకిలే లేదు. దుకాణం వెనక పాత ట్యూబుల గుట్ట పక్కన గోనెపట్టా పరుచుకొని పడుకునేవాడు. సంఘం వాళ్ళెవరైనా వచ్చి “అయ్యగారున్నరా?” అని అడిగితే అహ్మద్ అలీ పంపు కొట్టడం ఆపకుండానే, “గీడ అయ్యగార్లెవ్వరు లేరు, పోండ్రి” అనేవాడు. అబద్ధమేమీ కాదు. ఆ దుకాణంలో మీ తాత ఉత్త ఏసు. “ఏసూ, జర గా పానా అందియ్యి” అనేవాడాయన. మీ తాతను పేరుపెట్టి పిలిచే మనిషి భూమ్మీద ఆయనొక్కడే. నాకే ఆ భాగ్యం లేదు. మంగళవారానికి మనిషి మళ్ళీ మందిరానికి పనికొచ్చేవాడు.

ఇదంతా రాయి మీద పట్టదు కాబట్టి నీకు రాస్తున్నాను.

నీ ఉత్తరం మొత్తం చదివాను. మందిరానికి కొత్త రేకులు, చుట్టుపక్కల ఊళ్ళలో కొత్త కూడికలు, శుక్రవారం ఉపవాసం, శనివారం జాగరణ ప్రార్థన. నువ్వు ఏ రోజు నిద్రపోతావో మాత్రం ఎక్కడా లేదు. శోభ ఎప్పుడూ నీ ఉత్తరం చివర రెండు ముక్కలు రాసేది, మునగాకు ఎట్లా వండిందో, పక్కింటి మేక ఎవరి చీర కొంగు నమిలిందో. నీ పేజీలన్నిటికంటే అవే నాకు రుచి. ఈసారి లేవు. ఎందుకు?

ఫోన్ చేయమంటావా అని అడగకు. నా చెవులకు ఫోన్లో నా గొంతే వినబడుతుంది. పైగా ఫోన్లో మనుషులు “ఆ, బాగున్నం” అనడం తప్ప ఇంకేమీ చెప్పరు. రాస్తే కనీసం అక్షరం వణికినచోట కనిపిస్తుంది. బడిలో తెలుగు చెప్పినన్నాళ్ళూ నేను నేర్చిన విద్య అదొక్కటే.

మీ అవ్వ


గుండ్లగడ్డ, నారాయణపేట దగ్గర
29 జూన్ 2023

పూజ్యురాలైన అవ్వకు, ప్రభువు నామమున వందనములు.

ఇక్కడ అందరమూ ఆయన కృప వలన క్షేమము. నేను బాగున్నాను. తాతగారి సోమవారాల సంగతి చదివి ఎంతో నవ్వుకున్నాను. అయితే ఇప్పటి సేవ అప్పటిలా కాదు అవ్వా. సోమవారం మాకు కుటుంబ ప్రార్థనలు. పాస్టరు ఒక ఇంటికి పోయి ఇంకో ఇంటికి పోకపోతే ఆ ఇంటివాళ్ళు వచ్చే ఆదివారానికి వేరే సంఘంలో కూర్చుంటారు. ఈ ఊళ్ళోనే ఇప్పుడు మూడు మందిరాలు ఉన్నాయి.

మా సంఘ పెద్ద ప్రభుదాసుగారు విశ్వాస వీరుడు. కరెంటు డిపార్టుమెంటులో రిటైరయ్యారు, సంఘాన్ని కూడా అంత క్రమశిక్షణతోనే నడిపిస్తారు. ఆయన వచ్చాక సాక్ష్యాల సమయం ఎంతో బలపడింది. ఇంకా జరగని స్వస్థతనైనా విశ్వాసంతో జరిగిపోయినట్టే చెప్పాలని నేర్పిస్తారు. ఏప్రిల్‌లో వార్షికోత్సవ సభల్లో గుర్వమ్మ అనే పెద్దావిడ సాక్ష్యం చెప్పింది. నారాయణపేట చీరల మగ్గాలకు కండెలు చుడుతుంది. ఎన్నో ఏళ్ళుగా ఉన్న షుగరు వ్యాధి నుంచి పూర్తిగా స్వస్థత పొందింది. ఆ వీడియో చూసి పక్క ఊళ్ళ నుంచి కూడా జనం వస్తున్నారు. నేను చెప్పిన ఏ వాక్యానికీ అంత ఫలం రాలేదు.

శోభ వాళ్ళ అమ్మగారి కంటి ఆపరేషన్ కోసం పాలమూరు వెళ్ళింది. అందుకే రాయలేదు. తను కూడా బాగుంది. నా గురించి మీరు ఏమీ ఫికర్ పెట్టుకోవద్దు. నేను బాగున్నాను.

ప్రభువు సేవలో,
జాషువా


కేతేపల్లి
10 జూలై 2023

జాషువాకు,

వందనములు నాకెందుకు? నేనేమన్నా సంఘాన్నా? “మీరు” అని రాశావు. పాలు మరిచిన నాటి నుంచి నన్ను “నువ్వు” అన్నవాడివి. నాకు ఉత్తరం రాయడానికి కూడా మైకు ముందు నిలబడ్డావా ఏమిటి?

ఇక శోభ తల్లి కళ్ళు. ఆ ఆపరేషన్ పోయిన ఏడు నల్లగొండలో అయింది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని మా ఇంట్లో కూర్చొని, “వదినె, నీ ఇంట్ల ఇంత దుమ్మున్నదని నాకు ఇన్నేండ్లు కనవళ్ళే” అని పోయింది. ఆ మాట నేను చచ్చేదాకా మరిచిపోను. కాబట్టి శోభ ఎందుకు పోయిందో ఇంకోసారి రాయి.

నువ్వు బాగున్నావని మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి రాశావు. మా బడిలో సెలవు చీటీ రాసే పిల్లలు కూడా జ్వరం సంగతి ఒక్కసారే రాసేవాళ్ళు. రెండుసార్లు రాసినవాణ్ణి పిలిచి నుదురు ముట్టి చూసేదాన్ని. నీ నుదురు నాకు అందదు.

ఆ గుర్వమ్మ సంగతి నాకు మింగుడుపడలేదు. షుగరు పోయిందని ఎవరు చెప్పారు, డాక్టరా, ప్రభుదాసా? రక్తం చూపించుకున్నదా? గోలీలు వేసుకుంటున్నదా, మానేసిందా? నాకూ ఉంది ఆ రోగం. పొద్దున్నే ప్రార్థన చేసుకుంటాను, వెంటనే గోలీ వేసుకుంటాను. దేవుడు ఇంతవరకు అలగలేదు.

నువ్వు పని కట్టుకొని ఆమె ఇంటికి పోయి అడుగు. ప్రార్థన చేయడానికి కాదు, అడగడానికి. పోయినప్పుడు వెంట ఎవరినీ తీసుకుపోకు. ముఖ్యంగా ఆ విశ్వాస వీరుణ్ణి.

మీ అవ్వ


గుండ్లగడ్డ
19 ఆగస్టు 2023

అవ్వకు,

ఆలస్యమైంది. కాగితం ముందు పెట్టుకుంటాను, ప్రసంగం రాస్తున్నానో ఉత్తరం రాస్తున్నానో తెలియదు, పక్కన పెడతాను.

శోభ అమ్మగారింట్లోనే ఉంది. ఆపరేషన్ ఏమీ లేదు. పోయేటప్పుడు కొట్లాడలేదు. బట్టలు సర్దుకుంటూ, “ఈ ఇంట్ల అయ్యగారున్నడు. ఊరందరికి ఉన్నడు. నేను ఎవ్వల కోసమని వండాలె?” అన్నది. నేను అప్పుడు కూడా ఏదో వాక్యం చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టి బస్సెక్కింది. సంఘానికి మాత్రం కంటి ఆపరేషన్ అనే చెప్పాను. ఇప్పుడు ప్రతి ఆదివారం వాళ్ళ అమ్మ కళ్ళ కోసం ప్రార్థన చేస్తున్నారు. నేను ఆమేన్ అంటున్నాను.

నిద్ర లేదు. ప్రసంగం మధ్యలో ఒక్కోసారి నా గొంతు నాకే దూరం నుంచి వినబడుతుంది, ఎవరో పక్క ఊళ్ళో మైకు పెట్టినట్టు. ఒకరోజు బండి మీద పోతూ కాలువ గట్టు దగ్గర ఆగిపోయాను. ఎందుకు ఆగానో చాలాసేపటికి గానీ తెలియలేదు. తెలిశాక భయమేసి ఇంటికొచ్చాను. ఇది ఎవరికీ చెప్పలేదు. ప్రభుదాసుగారితో కొంచెం అలసటగా ఉందని మాత్రం అన్నాను. “అయ్యగారే అట్లంటే జనమేం కావాలె? అలసట పోయిందని చెప్పుండ్రి, పోతది” అన్నాడు. ఆ తర్వాతి ఆదివారం పోయిందని చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు.

గుర్వమ్మ ఇంటికి నువ్వు చెప్పినట్టు ఒంటరిగానే పోయాను. కండెలు చుడుతూ ఉంది. “ఎట్లున్నవ్ గుర్వమ్మా?” అంటే, నవ్వి, “బాగైంది అయ్యగారు, మీ దయ” అన్నది. గోలీల సంగతి అడిగితే మళ్ళీ అదే మాట, “బాగైంది.” లేచి నీళ్ళియ్యబోయి లేవలేక, ఎడమ కాలు చీర కిందికి లాక్కున్నది. పెద్దమనిషి, సిగ్గుపడింది అనుకున్నాను. ప్రార్థన చేసి వచ్చేశాను.

జాషువా


కేతేపల్లి
25 ఆగస్టు 2023

జాషువా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. అహ్మద్ అలీ మనవరాలు నౌరీన్ చేత నీకు ఫోన్ చేయించాను, ఎత్తలేదు. మళ్ళీ చేయించాను, ఎత్తలేదు. అందుకే ఇది పరుగున రాసి బస్టాండుకు పంపిస్తున్నాను.

షుగరు మనిషి కాలు దాచుకుంటే సిగ్గు కాదు, పుండు. వెంటనే పో. చీర పక్కకు జరిపి చూడమని ఆమె కోడలికి చెప్పు. ఆటో పెట్టి దవాఖానకు తీసుకుపో. ఎవరేమన్నా అననీ.

నువ్వు కాలువ గట్టు గురించి రాసింది కూడా చదివాను. దాని గురించి విడిగా రాస్తాను. అందాకా ఆ దారిన పోకు. బండి తాళం ఎవరికన్నా ఇయ్యి. శోభకు ఫోన్ చేసి, నాకు రాసిన మాటే ఆమెకూ చెప్పు. వాక్యం కలపకుండా చెప్పు.

అవ్వ


గుండ్లగడ్డ
7 అక్టోబర్ 2023

అవ్వా,

గుర్వమ్మ చనిపోయింది. నీకు నౌరీన్ చెప్పే ఉంటుంది, శోభ ఆ పిల్లకు ఫోన్ చేసిందట. ఎట్లా జరిగిందో మాత్రం నేను రాయాలి.

నీ ఉత్తరం అందిన రోజే పోయాను. కోడలు మనీష చీర జరిపింది. బొటనవేలు నల్లగా అయింది, పాదం సగందాకా వాచింది. తుమ్మ ముల్లు విరిగిందట, ఎప్పుడో. వాసన వస్తుంటే రోజూ వేపాకు నీళ్ళతో కడుక్కొని పౌడరు చల్లుకుంటున్నదట, ఇంట్లోవాళ్ళకు తెలియకుండా. పాలమూరు దవాఖానకు తీసుకుపోయాం. మోకాలి కిందికి తీసేయాలన్నారు, తీశారు. అయినా విషం అప్పటికే ఒళ్ళంతా పాకింది. కొన్నాళ్ళు ఉండి పోయింది.

నేను రోజూ పోయాను. ఒకరోజు తెలివిగా ఉండి నన్ను దగ్గరికి రమ్మన్నది. నొప్పి గురించి చెబుతుందనుకున్నాను. “అయ్యగారు, నేను అబద్ధం చెప్పిన అనుకుంటరా అందరు?” అన్నది. అదొక్కటే ఆమె బాధ. తను చచ్చిపోతే సాక్ష్యం చెడిపోతుందని.

అవ్వా, ఇప్పుడు రాసేది ఎవరికీ తెలియదు. అందరూ విన్నారుగానీ ఎవరూ గమనించలేదు.

వార్షికోత్సవ సభల్లో గుర్వమ్మ ఆ మాట అనలేదు. మైకు నా చేతిలో ఉంది, తన నోటి దగ్గర పట్టుకున్నాను. “అయ్యగారు ప్రార్థన చేసిండ్రు. గోలీలు ఏస్కుంటున్న. షుగరు జర దిగింది. బాగైతాంది” అన్నది. ముందు వరసలో ప్రభుదాసుగారు కనుబొమలు ముడిచారు. జనం చప్పట్లు కొట్టాలా వద్దా అన్నట్టు ఆగారు. బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడు నా వంక చూశాడు. నేను నవ్వుతూ వంగి, “‘బాగైతాంది’ కాదు గుర్వమ్మా, ‘బాగైంది’ అను” అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది. చదువుకున్నవాణ్ణి, అయ్యగారిని, తప్పు దిద్దుతున్నాననుకున్నది. “బాగైంది” అన్నది. చప్పట్లు ఆగలేదు.

తెల్లారి గోలీలు దిబ్బలో పారేసిందట. మనీష అడిగితే, “బాగైందని దేవుని ముంగట చెప్పిన. ఇంక గోలీ ఏస్తే అబద్ధమైతది గదనే” అన్నదట. మనీష నాకు ఈ సంగతి భూస్థాపన రోజు చెప్పింది. మైకు సంగతి ఆ పిల్లకు తెలియదు. ఊరికే చెప్పింది, అత్త ఎంత అమాయకురాలో చెప్పుకోవడానికి.

సమాధి దగ్గర ప్రభుదాసుగారు మాట్లాడుతూ, మన సహోదరి స్వస్థత పొందింది గానీ నిలుపుకోలేకపోయింది అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. దోసెడు మట్టి వేసి వచ్చాను.

జాషువా


కేతేపల్లి
18 అక్టోబర్ 2023

జాషువా,

నీ ఉత్తరం చదివాక కొన్నాళ్ళు కలం ముట్టలేదు. ముట్టితే ఏం రాస్తానో నాకే భయమేసింది.

బడిలో అన్నేళ్ళు పిల్లల క్రియాపదాలు దిద్దాను. ఒక్కరూ చావలేదు.

ఇది రాసి కొట్టేద్దామనుకున్నాను. కొట్టేయలేదు. నువ్వు నాకు నిజం రాశావు, నేనూ రాయాలి కదా.

“బాగైతాంది” తప్పని నీకు ఎవరు చెప్పారు? అంత శుద్ధమైన తెలుగు మీ సభల్లో ఆ రోజు ఇంకెవరూ మాట్లాడి ఉండరు. జరుగుతున్నది, ఇంకా అయిపోలేదు, రేపు కూడా చూసుకోవాలి అని ఆ ఒక్క మాటలో చెప్పిందామె. ప్రార్థన, గోలీ, ఓపిక అన్నీ అందులోనే ఉన్నాయి. నువ్వు దాంట్లోంచి రేపటిని కోసేశావు. ఆమె చదువుకున్నవాడి మాట విన్నది.

నేను నిన్ను క్షమించాలని రాశావేమో అని మళ్ళీ మళ్ళీ వెతికాను. నువ్వు అడగలేదు. అడగనందుకు నీమీద నాకు ఇంకా ఆశ ఉంది. క్షమించడానికి నేను గుర్వమ్మను కాను, మనీషనూ కాను. మైకు సంగతి ఆ పిల్లకు చెప్పు. ఇంకెవరి నోటనో వినకముందే చెప్పు. ఆమె తలుపు వేసుకుంటే వేసుకోనీ.

సంఘానికీ చెప్పాలి. అది నీ మనసు తేలిక చేసుకోవడానికి కాదు. ఆ మందిరంలో ఇంకా ఎంతమంది గోలీలు దిబ్బలో పడేశారో నీకు తెలుసా? ప్రభుదాసు మీదికి నెట్టకు. ఎంత నెట్టినా నీ తప్పు నీ దగ్గరే మిగులుతుంది. నువ్వేం అన్నావో అది చెప్పు.

ఇంకొకటి. శోభ జూలై మొదట్లోనే నాకు రాసింది, నీకు చెప్పొద్దని. మాటిచ్చాను కాబట్టి తెలియనట్టే నిన్ను అడిగాను. అన్నం ముందు ప్రార్థనకు కళ్ళు మూసుకుంటావట, అన్నం చల్లారిపోయినా తెరవవట. “నిద్ర పట్టిందనుకున్న అవ్వా, కాదు, ఏడుస్తున్నడు. నన్ను చూసి నవ్విండు. ఆ నవ్వుకు నేను భయపడ్డ” అని రాసింది. ఆమె నిన్ను వదిలి పోలేదురా. నువ్వెక్కడున్నావో కనబడక పోయింది.

మొన్న కాలువ గట్టు సంగతి రాస్తానన్నాను. ఎంత ఆలోచించినా రాయడానికి ఒకటే దొరికింది. నువ్వు లేకపోతే నా తప్పులు పట్టేవాడు ఉండడు. నేను కూడా చేస్తుంటాను, నీకు తెలుసు.

అవ్వ


గుండ్లగడ్డ
26 నవంబర్ 2023

అవ్వా,

బయట ఎన్నికల మైకులు మోగుతున్నాయి. లోపల నాకు మొదటిసారి నిశ్శబ్దంగా ఉంది. బాగుందని కాదు.

ముందు మనీష దగ్గరికి పోయాను. వాకిట్లోనే నిలబడి చెప్పాను. ఆ పిల్ల చేటలో బియ్యం ఏరుతూ విన్నది, తల ఎత్తలేదు. అంతా అయ్యాక, “మీరు ఇప్పుడు చెప్పింది మా అత్తకు ఇనవడ్తదా?” అన్నది. లేదన్నాను. “మరి నాకెందుకు చెప్తున్నరు? నేనేం చెయ్యాలె దీన్ని?” అన్నది. చేట పక్కన పెట్టి లోపలికి పోయింది. తలుపు వేసుకోలేదు. కాసేపు నిలబడి వచ్చేశాను.

ఆదివారం సాక్ష్యాల సమయంలో నేను ప్రసంగ వేదిక దిగి, అందరూ నిలబడే చోట కింద నిలబడ్డాను. ఏం చెప్పాలో రాసుకోలేదు. “గుర్వమ్మ బాగైతాందన్నది. ఆమెతోని బాగైందనిపించింది నేను. ఆమె అబద్ధం చెప్పలేదు, నేను చెప్పించిన. నా అలసట పోయిందని మీకు చెప్పిన, పోలేదు. శోభ వాళ్ళమ్మకు కంటి ఆపరేషన్ ఏం లేదు. నేను బాగలేను. ఎవరన్నా గోలీలు బంద్ చేస్తే ఇయ్యాల్నే మొదలువెట్టుండ్రి” అన్నాను. ఇంతే.

ప్రభుదాసుగారు పాట ఎత్తుకోమని తబలా అబ్బాయికి సైగ చేశాడు. పాట మొదలయ్యేలోపే వెనక నుంచి సావిత్రమ్మ లేచింది. డెబ్భై ఏళ్ళు పైబడ్డ మనిషి. “అయ్యగారు, నా మోకాళ్ళు గూడ బాగుకాలే. రెండేండ్ల కింద బాగైందని చెప్పిన. అప్పటిసంది ఎవ్వలు చూడకుంట గోడ పట్టుకొని నడుస్తున్న” అన్నది. ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఆమే నవ్వింది. ఆ తర్వాత ఒకాయన లేచి బీపీ గోలీలన్నాడు. ఇంకొకామె లేచి ఏమీ చెప్పకుండా ఏడ్చి కూర్చున్నది. ఆ రోజు పాట పాడలేదు అవ్వా.

ఇది చదివి అంతా మంచే జరిగిందనుకోకు. సగం మంది మరుసటి ఆదివారం రాలేదు. పెద్దలు కూర్చొని, అయ్యగారికి ఆరోగ్యం సరిగా లేదు, విశ్రాంతి ఇస్తున్నాం అని తీర్మానించారు. ఎప్పటిదాకా అని అడిగితే, దేవుడు నడిపించేదాకా అన్నాడు ప్రభుదాసుగారు. ఇల్లు డిసెంబరు కల్లా ఖాళీ చేయాలి. క్రిస్మస్ ఆరాధన వేరే ఆయన చేస్తాడు. చివర్లో ప్రభుదాసుగారు నా భుజం మీద చెయ్యి వేసి, “సంఘం ఆగం చేసినవ్ కొడుకా” అన్నాడు. కోపంగా కాదు, ఏడుస్తూ అన్నాడు. ఆయన భార్య పక్షవాతంతో మంచాన ఉంది. బాగైందని ఆయన ఎన్నోసార్లు సాక్ష్యం చెప్పాడు. నాకు అప్పుడు గానీ తెలియలేదు, ఆయన ఎవరి కోసం ఆ మాట అందరి చేతా చెప్పిస్తున్నాడో.

శోభ రోజూ ఫోన్ చేస్తుంది. ఎక్కువ మాట్లాడుకోం. తిన్నవా అని అడుగుతుంది, తిన్నది చెబుతాను. తినకపోతే తినలేదని చెబుతాను.

అవ్వా, ప్రార్థన రావడం లేదు. కళ్ళు మూసుకుంటే గుర్వమ్మ నా ముఖంలోకి చూసిన ఆ క్షణమే వస్తుంది. పాస్టరును కాకుండా ఏం చేయాలో నాకు తెలియదు. నేను కొన్నాళ్ళు కేతేపల్లి రావచ్చా?

జాషువా


కేతేపల్లి
4 డిసెంబర్ 2023

జాషూ,

“రావచ్చా” అని రాసినందుకు చెంప మీద కొట్టాలి. వచ్చాక కొడతాను.

మనీష అడిగిన దానికి నా దగ్గర కూడా జవాబు లేదు. చదువు చెప్పినదాన్ని కదా, ఉంటుందేమో అని వెతికాను. దాన్ని ఏం చేయాలో ఆ పిల్లకే తెలియాలి, తెలియకపోవచ్చు కూడా. నువ్వు దాన్ని మోయాలి. తేలికవుతుందని నేను చెప్పను. అట్లా చెప్పడం వల్లనే ఇంత జరిగింది.

ప్రభుదాసు సంగతి చదివాను. ఇన్నాళ్ళూ ఆయనను తిట్టడానికి ఎన్ని మాటలు దాచుకున్నానో! అన్నీ వృథా అయ్యాయి. ఆ భార్య పేరేమిటో రాయి. ప్రార్థనలో పేరు లేకుండా చెప్పడం నాకు అలవాటు లేదు.

నీకు ప్రార్థన రావడం లేదని రాశావు. సరే. ఈ ఇంట్లో నేనున్నాను, ఆ పని కొన్నాళ్ళు నేను చూసుకుంటాను. నువ్వు అన్నం తిను. ఇక్కడి సంఘం వాళ్ళు నిన్ను వాక్యం చెప్పమని వస్తారు. పిల్లవాడు పడుకున్నాడని చెబుతాను. నువ్వు నిజంగా పడుకో, నాతో అబద్ధం ఆడించకు. నల్లగొండలో మనసు చూసే డాక్టరు ఉన్నాడట, నౌరీన్ కనుక్కొని చీటీ రాయించింది. వచ్చే మంగళవారం ముగ్గురం పోతున్నాం. గోలీలు ఇస్తే వేసుకుంటావు. ఎట్లా ఉన్నావని డాక్టరు అడిగితే ఎట్లా ఉన్నావో అట్లానే చెబుతావు. ఏం చెప్పాలో నేను దిద్దను, మాటిస్తున్నాను.

శోభ వస్తుందో రాదో నాకు తెలియదు. వస్తానని రాయలేదు, రానని కూడా రాయలేదు. వెనక గది ఊడిపించాను. వెంట వాళ్ళ అమ్మ వస్తే దుమ్ము పట్టేస్తుంది, ఆమెకు ఇంకా కళ్ళు బాగా కనిపిస్తున్నాయి కదా.

పాలమూరు నుంచి నల్లగొండకు వచ్చి, అక్కడ సూర్యాపేట బస్సెక్కు. నకిరేకల్‌లో బస్సు కాసేపు ఆగుతుంది. దిగి రెండు కిలోల నిమ్మకాయలు తీసుకో, ఊరగాయ పెట్టాలి. బస్టాండు ముందరి బండ్ల మీద కొనకు, కొంచెం లోపలికి పోతే మార్కెట్ దగ్గర తాజావి ఉంటాయి. తొక్క పల్చగా, పసుపు తిరిగినవి ఏరుకో. మెత్తబడ్డవి వద్దు. సంచి ఇంటి నుంచే తెచ్చుకో, వాళ్ళిచ్చే కవరు బస్సులోనే చినుగుతుంది.

అవ్వ